లెక్కపెట్టువాని బాధ్యత

గూడబాతు అను పేరు మనకు క్రొత్తది కాదు. 102వ కీర్తనలో దానిని చదివియున్నాము. అది పరదేశపు అడవులలోని పక్షి యని మనలో పలువురు తలంచుదురు. కాని అది మన కొల్లేటిలోనే యున్నది. కైకలూరు దగ్గరి ఆటపాకకు పోయినచో, నీటిలో నిలిపిన ఇనుప మంచెలమీద అది గూడు కట్టి పిల్లలకు మేత పెట్టుటను కన్నులార చూడవచ్చును.

ఈ పక్షి చరిత్రలో మన మనస్సాక్షిని తాకు సంగతి యొకటి గలదు. కేరళకు చెందిన పక్షి పరిశీలకులు కె.కె. నీలకంఠన్ గారు పశ్చిమ గోదావరిలోని ఆరేడు గ్రామమున గూడబాతుల గూళ్లను చూచి, 1949లో వాటిని గూర్చి వ్రాసి ప్రకటించిరి. ఆ వ్రాత నేటికిని నిలిచియున్నది, గూళ్లు నిలువలేదు. 1970ల నడుమనాటికి పక్షులు ఆ చోటు విడిచిపోయెను. చూచినవారు తమ పని నమ్మకముగా చేసిరి. కాని చూచుటతోనే పని ముగియునా?

నేడు ఏటేట జనవరి మాసమున నీటిపక్షులను లెక్కించు పని ఆసియా ఖండమున జరుగుచున్నది. ఇది 1987లో ఆరంభమాయెను. మన డెల్టాలోను యువకులు దుర్భిణీలు పట్టుకొని తెల్లవారకమునుపే బయలుదేరుదురు. ఇది మంచి పనియే. లెక్క లేనిదే ఏ పక్షి తగ్గినదో మనకు తెలియదు.

ఒక జనవరిలో నేనును వారితో కొల్లేటి గట్టుమీద నడిచితిని. మా సంఘస్థుడైన జాలరి యొకడు ప్రక్కన నిలిచి మెల్లగా ఇట్లనెను: “ఆళ్లు పిట్టల్ని లెక్కెడతన్నారండి, అయ్యగారూ. మమ్మల్నెవరూ లెక్కెట్టలేదండి.” ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బుడమేరు, తమ్మిలేరు నీళ్లు కొల్లేటిలో చేరి, ఉప్పుటేరు గుండ సముద్రమునకు పోవును. చేపల చెరువుల గట్లు ఆ దారికి అడ్డమాయెను. 1999లో కొల్లేటిని అభయారణ్యముగా ప్రకటించిరి; 2002లో రామ్‌సార్ జాబితాలో చేర్చిరి; 2006లో గట్లను తెగగొట్టిరి. నీటికి అది మేలే. అయితే ఆ చెరువులమీద కూలి చేసి బ్రదికిన బీదవాని మాటేమి? పక్షిని చూచువాడు సాయంకాలమున ఇంటికి పోవును. వెల చెల్లించువాడు గట్టుమీదనే యుండును. తాను వెల చెల్లించక, చెల్లించువానికి నీతి బోధించుట న్యాయమా?

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయమున పక్షిగూటిని గూర్చిన చిన్న ఆజ్ఞ గలదు. దారిలో గూడు కనబడినయెడల పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని విడిచిపెట్టవలెను. ఆకలిగొన్నవాని చేతిని ఆ ఆజ్ఞ కట్టివేయలేదు; రేపటి గూటిని ఆ చేతికి అప్పగింపనూ లేదు. మరియు అచ్చటి వాగ్దానము పక్షికి కాదు, మనుష్యునికే. తల్లిపక్షి బ్రదికిననే వాని యిల్లును బ్రదుకును.

కాబట్టి పక్షులను ప్రేమించువారితో నేను చెప్పునది ఇదే. మీ లెక్కల పుస్తకమును సంచిలో దాచుకొనక, ఊరి రచ్చకు తెచ్చి చదివి వినిపింపుడి. పడవ నడుపు పని, గూళ్లను కాయు పని ఆ ఊరివారికే దొరకునట్లు అడుగుడి. పక్షికొరకు అర్జీ వ్రాయు చేతితోనే జాలరి జీవనముకొరకును వ్రాయుడి. అప్పుడు ఆయన మీ మాట వినును; మీరును ఆయన మాట వినగలరు.

మరుసటి సంవత్సరము ఆ సహోదరునినే మా ముందు నడువుమని వేడుకొంటిమి. ఏ కాలువ పూడినదో, ఏ నెలలో ఏ మూల నీరు తీయునో అతడు చూపెను. ఆ దినమున మా లెక్క చాల ఆలస్యమాయెను. అయినను అందులో ఈసారి పొరుగువాడును ఉండెను. మన లెక్కలలో ఎవరిని విడిచిపెట్టితిమో, చదువరీ, నీవును నేనును మరల చూచుకొందము.