సన్యాసం పుచ్చుకున్న సామ్రాజ్ఞి

764లో జపాన్ రాజధాని నారాలో ఒక భిక్షుణి గద్దెనెక్కింది. ఆమెకది మొదటిసారి కాదు. 749 నుంచి 758 వరకు కోకెన్ పేరుతో ఏలి, బంధువు జున్నిన్‌కు రాజ్యం అప్పగించి, ఆ తర్వాత తల గొరిగించుకుంది. మంత్రి ఫుజివారా నకమారో తిరగబడితే అణచివేసి, జున్నిన్‌ను అవాజీ ద్వీపానికి వెళ్లగొట్టి మళ్లీ వచ్చింది. చరిత్రలో ఈ రెండో విడత పేరు షోతోకు. అన్నీ వదులుకున్న మనిషి రాజ్యం ఎలా ఏలుతుంది? దీనికి ఆమె రాజశాసనంలోనే జవాబిచ్చింది. రాజు గద్దెనెక్కేటప్పుడు బోధిసత్త్వ శీలాలు స్వీకరించాలని బౌద్ధ సూత్రం చెబుతోంది కాబట్టి సన్యాసం పాలనకు అడ్డు కాదంది. ఏలేది సన్యాసిని అయినప్పుడు మంత్రి కూడా సన్యాసే కావడం సబబంటూ దోక్యో అనే భిక్షువును మంత్రిని చేసింది.

ఇదంతా దోక్యో మీది వ్యామోహానికి వేసిన ముసుగని కొట్టిపారేసేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. ఆమె జబ్బు నయం చేసి ఆయన దగ్గరయ్యాడన్నది నిజమే. పురుషుడు ఏలితే రాజనీతి, స్త్రీ ఏలితే ప్రేమకథ అనుకోవడం కథకులకు పాత అలవాటు. కానీ 765లో, పట్టాభిషేకానంతరం దేవతలకు కొత్త పంట నివేదించే క్రతువులో భిక్షువులను కూర్చోబెట్టినప్పుడు కూడా ఆమె కారణం చెప్పింది: దేవతలు బుద్ధధర్మాన్ని కాపాడేవారని సూత్రాల్లోనే ఉండగా, వారిని బుద్ధుడికి దూరంగా ఉంచడమెందుకు? వ్యామోహానికి ఇంత మీమాంస అక్కర్లేదు. అయితే ఆ మీమాంసలో ఒక మెలిక ఉంది. బోధిసత్త్వ శీలాలు గృహస్థులకూ ఉన్నవే. రాజు శీలం పుచ్చుకోవడం వేరు, భిక్షుణి రాజ్యం పుచ్చుకోవడం వేరు. మొదటిదానిలో ధర్మం అధికారానికి కళ్లెం వేస్తుంది. రెండోదానిలో అధికారానికి అనుమతిపత్రం రాసిస్తుంది.

కళ్లెం అసలే లేదా అంటే, ఉంది. తిరుగుబాటు తర్వాత మరణశిక్ష పడ్డ 375 మందిని ఆమె ప్రవాసంతో, వెట్టి శిక్షలతో వదిలిపెట్టింది. వాళ్ల కోసం బతిమాలింది ఆమెతోపాటే సన్యసించిన పరిచారిక వాకె నో హిరోముషి. ఆ యుద్ధానంతర మొక్కుగానే పది లక్షల చిన్న కొయ్య స్తూపాలు చేయించింది. ఒక్కొక్కటీ జానెడెత్తు, శిఖరం ఊడదీస్తే లోపలి తొర్రలో ధారణి అనే బౌద్ధ మంత్రం అచ్చువేసిన కాగితపు చుట్ట. 770కల్లా పూర్తిచేసి పది ఆలయాలకు పంచారు. హోర్యూజీ ఆలయంలో నలభై వేలకు పైగా ఇప్పటికీ ఉన్నాయి. ఈ రెంటిలో నాకు స్తూపాల కంటే ఆ 375 ప్రాణాలే పెద్ద సాక్ష్యం. స్తూపం పాపం కడుగుతుందేమో గానీ ఏలికకు అడ్డుచెప్పదు. హిరోముషి చెప్పింది.

అలా అడ్డుచెప్పే నోరే 769లో కంటగింపయింది. దోక్యోను చక్రవర్తిని చేస్తే దేశం సుభిక్షంగా ఉంటుందని ఉసా హచిమన్ దేవుడు పలికాడన్న వార్త వచ్చింది. రూఢి చేసుకు రమ్మని పంపిన హిరోముషి తమ్ముడు కియోమారో, గద్దె రాజవంశానికే చెందాలన్న దైవవాక్కుతో తిరిగొచ్చాడు. సామ్రాజ్ఞి మండిపడింది. ‘శుచి’ అనే అర్థమున్న అతని పేరును ‘అశుచి’గా మార్చి ఓసుమికి తరిమింది, అక్కనూ వెళ్లగొట్టింది. వంశం గొప్పదా, శీలం గొప్పదా అని వాదించడానికి ఆమెకు చోటుంది. కానీ వాదించలేదు. శీలమే అర్హత అంటే తన రాచపుట్టుక మాటేమిటన్న ప్రశ్న వచ్చేది మరి.

770లో ఆమె పోగానే దోక్యోను షిమోత్సుకె ఆలయానికి పంపేశారు, అక్కాతమ్ముళ్లను వెనక్కి పిలిచారు. 1629 దాకా మరో స్త్రీ గద్దెనెక్కలేదు. సన్యాసి రాజ్యమేలడమే అసలు తప్పైతే దర్బారు దాన్నీ మాన్పించాలి. కానీ 1086లో గద్దె దిగిన చక్రవర్తి షిరకవా 1096లో తల గొరిగించుకుని, 1129లో చనిపోయేదాకా తెరవెనుక చక్రం తిప్పాడు. ఆయన్ను ఆపడానికి ఏ దైవవాక్కూ రాలేదు.