ఆ డబ్బు పిల్లాడిది

అమ్మాయీ,

మొన్న ఉత్తమ్‌నగర్‌లో మీ ఇంటికి వచ్చినప్పుడు అన్నీ చూశాను. వారం సంతలో ధరలు దిగేదాకా ఆగి కూరలు కొనడం, చార్జీ లేని బస్సు కోసం చలిలో నిలబడటం... పొదుపు గురించి నీకు నేను చెప్పేదేం లేదు. పిల్లాడు మాత్రం బూట్లు బిగుతై, మడమలు తొక్కి నడుస్తున్నాడు. అది చూసి నా మనసు ఊరుకోలేదు.

ముందు కరెంటు సంగతి. ఢిల్లీలో 200 యూనిట్ల లోపు వాడితే బిల్లే లేదు. అయినా మీ ఇంటి ఓనరు సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కి ఇంతని వసూలు చేస్తున్నాడు. అద్దెకుండేవాళ్లకీ సొంత మీటరు పెట్టించుకునే వీలు 2019 నుంచి ఉంది. గొడవెందుకులే అని ఊరుకోకు.

ఇక అసలు మాట, మీ ఆయన్ని భరణం అడగడం గురించి. "ఆయన రూపాయి నాకొద్దు పెద్దమ్మా" అన్నావు. నీ అభిమానం నాకు తెలుసు. కానీ ఆ రూపాయి పిల్లాడిదమ్మా. వాడి తరఫున వద్దనే హక్కు నీకెక్కడిది? విడాకులు కాకపోయినా భరణం అడగొచ్చు. దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే భరణం లెక్కకట్టాలని 2020లో రజనేష్-నేహ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నువ్వు ఆలస్యం చేసిన ప్రతి నెలా వాడికి నష్టమే. ఇద్దరూ ఆదాయం, ఆస్తులు అఫిడవిట్‌లో రాసివ్వాలి కాబట్టి జీతం దాచడమూ అంత తేలిక కాదు. లాయరు ఖర్చుకి భయపడకు. ఆడవాళ్లకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 1516కి ఫోన్ చెయ్యి.

కోర్టు మెట్లెక్కితే నలుగురూ ఏమంటారోనని మీ అమ్మ బెంగ. కుటుంబ తగాదాలకి వేరే కోర్టులుండాలని, 1953లో చైనాలో చూసొచ్చి నెహ్రూగారి దాకా వెళ్లి చెప్పింది మన రాజమండ్రి దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఎనిమిదేళ్లకే పెళ్లి చేస్తే, ఊహ తెలిశాక ఆ కాపురం వద్దన్న మనిషి. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో వచ్చేనాటికి ఆవిడ లేరు. 1948లో ఆవిడ పెట్టిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బడిలోనే కదా మనవాడు చదువుతున్నది! మీ అమ్మకి ఈ సంగతి నేనే చెబుతాను.

పెళ్లి ఫొటో, వాడి బర్త్ సర్టిఫికెట్, ఫీజు రసీదులు, నీ జీతం స్లిప్పులు ఒక కవరులో పెట్టుకో. నీకు సెలవు దొరికిన రోజు పొద్దున్నే వాణ్ని నా దగ్గర వదిలెయ్. పెదనాన్నగారు నీతో ద్వారకా కోర్టుకి వస్తారు.

ఇట్లు,
మీ పెద్దమ్మ