ఆ రాయి ఎవరిది?

గోదావరి దగ్గరి మల్లూరు, కాటాపూర్, జానంపేట అడవుల్లో సిలువ ఆకారంలో చెక్కిన నిలువు రాళ్ళు ఉన్నాయి. పక్కనే పెద్ద బండలతో కట్టిన పాతకాలపు సమాధులు. ఊళ్ళల్లో వాటిని రాకాసి గుళ్ళు అంటారు.

ఒకరోజు తరగతిలో ఆ రాళ్ళ మాట వచ్చింది. చర్చికి పోయే ఇంటి పిల్లవాడు “అవి మా సిలువలే సార్” అన్నాడు. వెనక నుంచి ఇంకొకడు లేచి “మీవి ఎట్లయితయిరా? మీరు వేల్పుల్ని విడిచినోళ్ళు” అన్నాడు. ఇద్దరూ కోయ పిల్లలే. ఇద్దరిదీ ఒకే గట్టు. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం.

ఈ తగాదా పిల్లలు పుట్టించింది కాదు. 1872లో జేమ్స్ ఫెర్గూసన్ అనే దొర తన పుస్తకంలో ఈ రాళ్ళ బొమ్మ వేసి, ఇవి క్రైస్తవులవేనని వాదించాడు. తర్వాతి పరిశోధకులు ఇవి ఇనుపయుగం నాటి సమాధి రాళ్ళన్నారు. సిలువలు కావు, చేతులు చాచిన మనిషి రూపాలన్నారు. కొన్నింటికి స్తనాలు కూడా చెక్కి ఉన్నాయి.

అయితే అవి మన కోయలవేనా? చనిపోయినవాళ్ళకు రాయి పాతే ఆచారం మనకూ ఉంది కాబట్టి మనసు అటే లాగుతుంది. కానీ మనసు లాగడం రుజువు కాదు. దొర చేసిన పొరపాటూ ఇదే. తనకు తెలిసిన గుర్తు కనబడగానే తనదే అనుకున్నాడు. ఆ పొరపాటు మనం చేస్తే ఒప్పు అయిపోదు.

ఎవరు నిలబెట్టినా, పోయిన తమ మనిషిని మరిచిపోవద్దనే నిలబెట్టి ఉంటారు. అట్లాంటి రాయిని చూపించి బతికున్న అన్నదమ్ముణ్ణి “నువ్వు మావాడివి కాదు” అనడం మా దృష్టిలో పెద్ద తప్పు. దుమ్ముగూడెం మిషన్ వాళ్ళు కోయల మధ్యకు వచ్చింది 19వ శతాబ్దంలో. ఆ రోజుల్లో ప్రభువును నమ్ముకున్నవాళ్ళ తాతముత్తాతలు కూడా ఈ మట్టిలోనే ఉన్నారు. మొక్కు మారితే తాత మారడు. అట్లాగే, సిలువలా కనిపించినంత మాత్రాన ఆ రాయి కింద ఉన్నవారిని క్రైస్తవులని చెప్పే హక్కూ ఎవరికీ లేదు. వాళ్ళు కాదనలేరు కాబట్టి మనమే జాగ్రత్తగా మాట్లాడాలి.

మర్నాడు ఇదంతా పిల్లలకు చెప్పాం. “మరి చివరికి ఎవరిది సార్?” అని మళ్ళీ అడిగారు.

నిధులున్నాయని ఇట్లాంటి సమాధుల్ని తవ్వేవాళ్ళున్నారు. చేను చదును చేస్తూ రాళ్ళు పెకిలించేవాళ్ళున్నారు. “ముందు వాళ్ళకు అడ్డం నిలబడండి. ఇద్దరూ కలిసి నిలబడండి. రాయంటూ మిగిలితేనే కదా, ఎవరిదని అడగడానికి” అన్నాం.