రంగును నిజమును

మాసిన వస్త్రము నుదికినచో శుభ్రమగును. మాసిన సాక్ష్యము నుదికినచో నేమి మిగులును? ఈ ప్రశ్న న్యాయస్థానములకే గాక వస్తుప్రదర్శనశాలలకును వర్తించును.

అమెరికాలో స్మిత్సోనియన్ సంస్థవారి విమానసంగ్రహమున మెసర్‌ష్మిట్ 262 అను జర్మను జెట్ యుద్ధవిమాన మొకటి గలదు. 1945లో విజేతలు దానిని పట్టి యోడపై గొనిపోయిరి. 1978లో దాని పునరుద్ధరణ మారంభమయ్యెను. ఆఱువేల గంటలకు మించిన శ్రమ పట్టెను. ఇట్టి విమానమును బాగుచేయువారికి లోహముకన్న రంగే కఠినమైన సమస్య. అది యుద్ధదినమున నే వన్నెతో నెగిరినది?

కాగితముల నడుగుదమన్న, 1944 నాటి జర్మను ఉత్తరువులు 81, 82 అను సంఖ్యలుగల రంగులను వాడుమని చెప్పుచునే, నమూనా పలకలను పంపజాలమనియు చెప్పినవి. ఛాయాపటముల నడుగుదమన్న, అవి చాలవఱకు నలుపు తెలుపులు. ఎఱుపును గ్రహింపని ఫిల్ముపై నెఱ్ఱని గుర్తు నల్లగా కానవచ్చును. తుదకు రంగునే యడుగవలెను. అదియు ఎండకు వెలసి, ఏండ్లకు పసుపెక్కి, తన బాల్యమును మఱచియుండును. అందుచే నిపుణులు వెలుతురు సోకని పలకల యతుకులలో వెదకుదురు. ఒకచోట మెల్లగా నరుగదీసి, ఉల్లిపొరలవలె నొకదాని క్రింద నొకటి బయలుపడు వలయములను లెక్కింతురు. పగటివెలుతురున నమూనాలతో సరిపోల్తురు. ఇంత చేసినను, కొన్నియెడల మిగులునది నిశ్చయము గాదు, ఊహయే.

ఇచ్చటనే ధర్మసందేహము పుట్టుచున్నది. ఊహను నిగనిగలాడు రంగుగా పూసి, "ఇదియే నిజము" అని చూపుట న్యాయమా?

ఇంగ్లండులోని యోవిల్టన్ నౌకావిమానశాలవారు వేఱుమార్గము త్రొక్కిరి. వారియొద్ద 1944లో తయారైన కోర్సేర్ అను విమానము గలదు. ఇది జెట్ గాదు, పంకావిమానము. 1963లో ప్రదర్శనకై దానికి క్రొత్తరంగు వేసిరి. ఈ శతాబ్దారంభమున ఆ పూతను చేతులతో కొంచెము కొంచెముగా తొలగించి, అడుగున దాగిన 1944 నాటి రంగును గీతలతో, మరకలతో వెలికిదీసిరి. అందము తగ్గెను, సాక్ష్యము దక్కెను.

"తుప్పుపట్టిన లోహమును కాపాడుటకు పూత యక్కఱలేదా?" యని యడుగవచ్చును. అక్కఱయే. పాతపొర నిలువనిచోట క్రొత్తది వేయక తప్పదు. కాని జానెడు తావైనను ముట్టక విడువవలెను. ఏది తెలిసినది, ఏది యూహించినది యను భేదమును చూపరులకు విన్నవింపవలెను. రేపు మనకన్న తెలిసినవాడు వచ్చును. వాని చేతికి సాక్ష్యము మిగిల్చి పోవుట మన ధర్మము.

మఱియొక మాట. ఆ కాలపు జర్మను విమానముల తోకపై నాజీల ముద్ర యుండెడిది. కొన్నింటిపై, కూల్చిన శత్రువిమానముల లెక్కయు నుండెడిది. మెసర్‌ష్మిట్ 262 భాగములను గూజెన్ నిర్బంధశిబిరపు ఖైదీలచే సొరంగములలో చేయించిరి. పెక్కండ్రు ఆ చాకిరిలో ప్రాణములు విడిచిరి. ముద్ర కంటికి వెగటని తుడుచుట యెంత యసత్యమో, రంగును కచ్చితముగా పూసి ఆ చేతులను మఱచుటయు నంతే యసత్యము. వన్నె సరియైనంతమాత్రమున చరిత్ర సరికాదు.

ఇది దూరదేశపు ముచ్చటయని తలపవలదు. మన పల్లెల దేవళములలో శిల్పములపై ఏటేట సున్నము కొట్టి ముక్కును కన్నును పూడ్చివేసినవారు భక్తులే గాని ద్రోహులు గారు. క్రొత్తదనమే శుచియని నమ్మిరి, అంతియే. మన కుటుంబచరిత్రలకును అట్టి సున్నమే కొట్టుచున్నాము: తాతల ఘనత నిలుపుదుము, వారు చేసిన యన్యాయముపై పూత వేయుదుము. పిల్లలు తాతలను గూర్చి యడిగినపుడు, తెలిసినంత చెప్పి, తెలియనిచోట "తెలియదు" అనుటకు మనము సిగ్గుపడనినాడు, ఆ గోడలపై సున్నము తనంత తానే రాలును.