దౌహిత్రుల పుణ్యము

దంపతులు విడిపోయినపుడు న్యాయస్థానము విప్పునది వారిరువురి ముడిని మాత్రమే. తాతకును మనుమనికిని గల ముడి అట్లే నిలిచియుండును. మహాభారతమున ఉద్యోగపర్వమందలి యయాతి చరిత్రము ఇందుకు ప్రమాణము.

యయాతి తన కూతురగు మాధవిని గాలవునికి ఇచ్చివేసెను. ఆమెకు వసుమనుడు, ప్రతర్దనుడు, శిబి, అష్టకుడు అను నలుగురు కొడుకులు కలిగిరి. నలుగురి తండ్రులును వేరు. ఆమె ఎవరి యింటను నిలువక తుదకు తపోవనమునకు పోయెను. కాలాంతరమున యయాతి గర్వముచే పుణ్యము క్షీణించి, నైమిశమున యజ్ఞము చేయుచున్న ఆ మనుమల నడుమనే పడెను. ఎవరో యెరుగకయే వారు తమ పుణ్యము నిచ్చెదమనగా, దానము పట్టుట క్షత్రియునకు తగదని ఆయన నిరాకరించెను. అపుడు మాధవి వచ్చి, వీరు నీ దౌహిత్రులే యని తెలిపెను. వారి పుణ్యముచే ఆయన మరల స్వర్గమున కేగెను. తండ్రిపై నిష్ఠురమాడుటకు మాధవికి కారణము లేకపోలేదు. అయినను బిడ్డలను తాతకు దూరము చేయలేదు.

ఇక మన సీమను చూతము. బోధను శక్కర్‌నగరులో 1937లో వెలసిన నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడెను. బ్రతుకుతెరువుకై గల్ఫు దేశములకు పోవుట ఈ జిల్లాలో దశాబ్దములుగా కలదు. కారణమేదైనను కాపురము చెదరినచో, తల్లి బిడ్డతో నిజామాబాదులోని పుట్టింటికి చేరును. బోధనులో నాయనమ్మ ఎదురు చూచుచుండును. నడుమ దూరము బస్సులో గంట దారియే. కాని పదునైదేండ్ల బిడ్డకు అది దాటరానిదగును. అక్కడికి పోయిన అమ్మ నొచ్చుకొనునని వాడు మానివేయును. అది కృతఘ్నత కాదు, తల్లిపై ప్రేమ.

కావున అమ్మమ్మ యింటివారు తామే వానిని పంపవలెను. నాయనమ్మ యింటివారు కోడలి ముచ్చట ఎత్తరాదు, వానిచే కబురు పంపరాదు. ఇరువైపుల పెద్దలును బిడ్డను సాక్షిగా నిలుపరాదు. బిడ్డకు కీడు జరిగిన యిల్లు మాత్రము వేరు. అచట రక్షణమే ముందు.

పౌత్ర దౌహిత్రులకు భేదము లేదని మనువు చెప్పెను. 1890 నాటి సంరక్షకుల చట్టము సైతము, తెలివి వచ్చిన బిడ్డ యిష్టమును న్యాయమూర్తి గమనింపవచ్చునన్నది. న్యాయమూర్తి అడుగదగినది తాత అడుగకూడదా?

వచ్చు దసరాకు ఆ బిడ్డ జమ్మి బంగారము పట్టుకొని రెండిండ్లకును పోయి పెద్దల కాళ్లు మొక్కునట్లు చేయుడు. శ్రీమన్నారాయణుడు రెండిండ్లను చల్లగా చూచుగాక!