సగటు లెక్క, సత్యమైన లెక్క



వంటింట్లో సిలిండరు లీకైతే ముక్కు వెంటనే పసిగడుతుంది. ఆ వాసన నిజానికి గ్యాసుది కాదు, మన క్షేమం కోసం దానిలో కలిపినది. భూమిలోంచి తీసే సహజవాయువులో అధికభాగం మీథేను. దానికి రంగూ లేదు, వాసనా లేదు. బావి దగ్గరో, గొట్టపు అతుకులోనో అది కారిపోతుంటే పక్కన నిలబడినవారికి కూడా తెలియదు. కాని ఇరవై ఏళ్ల కాలంలో చూస్తే, అంతే బరువున్న బొగ్గుపులుసు వాయువు కంటే అది 80 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది.

కనబడని దానిని లెక్కించేదెలా? ఎన్ని వాల్వులు, ఎన్ని యంత్రాలు ఉన్నాయో ఎంచి, ఒక్కొక్కటి సగటున ఇంత వదులుతుందని అనుకుని గుణించడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. కాగితం మీద లెక్క సరిపోతుంది. కాని మూత సరిగా పడని ట్యాంకు, వ్యర్థ వాయువును కాల్చవలసిన మంట ఆరిపోవడం వంటివి ఆ సగటుకు అందవు. అమెరికాలో శాస్త్రజ్ఞులు చమురు, వాయు క్షేత్రాల వద్ద, విమానాల నుంచి కొలిచి చూశారు. అసలు మీథేను ప్రభుత్వ అంచనా కన్నా దాదాపు 60 శాతం ఎక్కువని 2018లో ప్రకటించారు. ప్రపంచ ఇంధన రంగమంతటా ప్రభుత్వాలు చూపినదానికన్నా వాస్తవం సుమారు 70 శాతం అధికమని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2022లో చెప్పింది.

అందరూ అబద్ధమాడారని దీని అర్థం కాదు. సూత్రం ప్రకారమే లెక్క కట్టారు. అయితే ఒక్కమాట ఆలోచించండి. పాపసంకీర్తనానికి ముందు ఆత్మశోధన చేసుకుంటాం కదా! "సగటు మనిషి చేసే తప్పులే నేనూ చేశాను" అంటే అది ఆత్మశోధన అవుతుందా? నా తప్పు నేను వెదకి చూడాలి.

కొలిచే సాధనం లేనప్పుడు అంచనా వేయడం తప్పు కాదు. నేడు లీకును చూపే కెమెరాలున్నాయి, ఉపగ్రహాలున్నాయి. అంచనాతో సరిపెట్టక కొలిచి చూపాలని ఐరోపా సమాఖ్య 2024లో చట్టం చేసింది. ఖర్చు అవుతుందన్నది నిజమే. కాని కారిపోయేది అమ్ముకోదగిన సరుకు. లీకు మూస్తే కొంత సొమ్ము తిరిగి వస్తుంది. సాధనం చేతికి అందాక కూడా తెలుసుకోకుండా ఉండిపోవడం అజ్ఞానం కాదు, ఎంపిక. దాని ఫలితాన్ని అనుభవించేది లెక్క రాసినవాడొక్కడే కాదు. ఆ బావిని ఎన్నడూ చూడని రైతు, ఇంకా పుట్టని బిడ్డ.

ఇంటి ఖర్చయినా, విచారణ జమాఖర్చయినా, లోకపు లెక్కయినా ధర్మం ఒకటే. లెక్క కుదిరితే చాలదు, నిజం కావాలి.