బొమ్మ లేని పెళ్ళి

ఘట్‌కేసర్‌లోని మా ఇంట్లో మేడ మీద అబ్బాయి కొన్న కొత్త టీవీ, కింద అత్తమ్మ గదిలో ఏనాటిదో పాత టీవీ. మా అమ్మాయి పెళ్ళి వీడియోని అబ్బాయి కంప్యూటర్లో పెట్టి, ఏ గదిలో వాళ్ళు ఆ గదిలోనే చూసుకునే ఏర్పాటు చేశాడు. పెళ్ళయిన నాలుగు నెలలకే మామయ్య పోయారు. ఆయన నడుస్తూ, నవ్వుతూ మిగిలింది అందులోనే.

అత్తమ్మ టీవీలో మాటలు వచ్చాయి గాని బొమ్మ రాలేదు. వీడియోని ఉన్నదున్నట్టు దాస్తే కొండంత అవుతుందని కుదించి దాస్తారట. 2003లో వచ్చిన హెచ్.264 పద్ధతి పాత టీవీలకీ తెలుసు. 2013లో వచ్చిన హెచ్.265 అదే నాణ్యతని ఇంచుమించు సగం చోటులో ఇముడుస్తుంది. ఆ ముడి విప్పడం పాత టీవీలకు చాతకాదు. ధ్వనిని వేరే పద్ధతిలో దాస్తారు కనుక అది వినిపిస్తుంది.

"పాత పద్ధతిలోకి మార్చరాదూ?" అన్నాను.

"మారిస్తే బొమ్మ నాణ్యత తగ్గుతుందమ్మా. నాయనమ్మకి కొత్త టీవీ కొందాంలే."

నగ కరిగించి మళ్ళీ చేయిస్తే తరుగు పోదూ, అలాగే కాబోలు అనుకుని ఊరుకున్నాను. ఆ 'కొందాంలే' రెండు నెలలు సాగింది.

ఓ మధ్యాహ్నం టీ ఇద్దామని వెళితే, అత్తమ్మ నల్లటి తెర ముందు కూర్చుని వింటున్నారు.

"బొమ్మ రాదు గద అత్తమ్మా?"

"మాటొస్తుంది గద బిడ్డా. మీ మామయ్య దగ్గు గూడ ఇనొస్తుంది."

నాకు తల కొట్టేసినట్టయింది. 1986లో మా అన్నయ్య అమెరికా నుంచి కొడుకు పుట్టినరోజు కాసెట్ పంపాడు. అక్కడి టీవీ బొమ్మకి 525 గీతలు, మనకి 625. అద్దెకు తెచ్చిన వీసీఆర్‌లో మనవడు పైకీ కిందకీ దొర్లుతుంటే, "మనకి పనికొస్తుందో లేదో కనుక్కుని పంపొద్దూ!" అని అమ్మ ఎంత నొచ్చుకుందో! అన్నయ్యని తప్పుపట్టిన వాళ్ళలో నేనూ ఉన్నాను సుమండీ.

ఇచ్చేవాళ్ళ బాధ్యత ఎంతవరకు? మేలైనది ఇచ్చేస్తే తీరిపోతుందా, అవతలివాళ్ళకి అందాలా? పళ్ళు లేని అత్తమ్మకి రోజూ అన్నం మెత్తగా పిసికి పెడతాను, అన్నం పాడుచేశానని ఏనాడూ అనుకోలేదు. పోనీ, 'ఆవిడకి ఇది చాల్లే' అని మనమే తేల్చేసి తక్కువది ఇవ్వడం మాత్రం మర్యాదా? చిన్నచూపు కాదూ? ఆ మాటా నిజమే. కానీ మేము ఆవిడని అడిగితే కదా! తరుగు పోతుందని దిగులుపడ్డది మేడ మీద ఉన్నవాళ్ళం. ఆవిడ దగ్గర అసలు బంగారమే లేదాయె.

ఆ సాయంత్రమే వాడిచేత మార్పించాను. అసలుది అసలుగానే ఉంది, నాయనమ్మ కోసం ఇంకోటి తయారైంది. బొమ్మ కాస్త మసకే. అత్తమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని చాలాసేపు చూశారు.

"అంగీకి గుండీ ఊడింది సూడు. అంతమంది ఉన్నరు, ఒక్కలన్న చెప్పలే," అన్నారు.

మేడ మీద పెద్ద టీవీలో ఎన్నిసార్లు చూశామో! మాకెవరికీ కనబడలేదు.